గొర్రెల కోసం ఆగిన కారు

ఆ రోజుల్లో స్ట్రెస్ అనే మాట ఇంకా మా వైపు బస్సు దిగలేదు. యాంగ్జైటీ సంగతి సరేసరి. మాకు ఉన్నదల్లా ఒక్కటే మాట, బుగులు. పామంటే బుగులు, పరీక్షంటే బుగులు, ప్రిన్సిపాల్ సారంటే బుగులు. ఆ ఒక్క మాటతోనే అన్నీ వెళ్లదీసేవాళ్లం. దానికి వైద్యం కూడా ఒక్కటే. ఉప్పు, ఎండుమిరపకాయలు తల చుట్టూ తిప్పి పొయ్యిలో వేసేవారు. ఘాటు రాకపోతే దిష్టి పోయినట్టు, ఘాటు వస్తే ఇంటిల్లిపాదీ కలిసి దగ్గినట్టు. ఇప్పుడు నా దగ్గర చదువుకునే పిల్లలు "స్ట్రెస్‌గా ఉంది మేడమ్" అని మొహమాటం లేకుండా చెప్తుంటే నాకు కొంచెం అసూయగానే ఉంటుంది. మాకు దాని పేరు తెలియదు కాబట్టి, లోకంలో అది తన ఒక్కరికే వచ్చిందని ఎవరికి వాళ్లం అనుకునేవాళ్లం. ఎవరికీ చెప్పేవాళ్లం కాదు.

మాది గరిడేపల్లి పక్కన ఒక పల్లె. తాతల నాటి నుంచి గొర్రెలే మా ఆస్తి, మా ముచ్చట, మా ఇంటి వాసన. పదో తరగతిలో నాకు లెక్కల్లో మంచి మార్కులు రావడంతో మా మేనమామ "కోడలా, నువ్వు ఇంజనీరువైతవ్" అని నన్ను సూర్యాపేటలో తన ఇంటికి తీసుకెళ్లి ఇంటర్‌లో ఎంపీసీలో చేర్పించాడు. (ఇంజనీరు అంటే ఏం చేస్తాడని మా నాయిన అడిగితే, మామ కాసేపు ఆలోచించి "కుర్సీల కూసుంటడు బావా" అన్నాడు. నాయినకు అది నచ్చింది.) మా ఇంట్లో పదో తరగతి దాటిన మొదటిదాన్ని నేనే. కాలేజీలో ప్రతి వారం పరీక్ష, సోమవారం పొద్దున గోడ మీద ర్యాంకుల కాగితం. నాకు చదువు రాక కాదు. రాత్రి మామకు అప్పజెప్పినవన్నీ పొద్దున ప్రశ్నపత్రం చేతికి రాగానే ఎటో వెళ్లిపోయేవి. అరచేతులు చల్లబడేవి.  జవాబు పుస్తకంలో కుడివైపు పేజీలో ఉందని తెలుసు, దాని కింద ఖాళీలో నేను గీసిన పువ్వు కూడా కళ్ల ముందు కనిపించేది, జవాబు మాత్రం కనిపించేది కాదు. ఒకసారి ఫిజిక్స్ పరీక్షలో పేరు రాసి, మార్జిన్ గీసి, గంట కొట్టేదాకా అట్లాగే కూర్చున్నాను. ఒకటి చెప్పాలి, మార్జిన్ మాత్రం చాలా తిన్నగా వచ్చింది.

ఇక మామ దుకాణం గురించి. ఇంటి ముందరి గదిలో ఆయన ఎస్టీడీ బూత్ నడిపేవాడు. సెల్‌ఫోన్లు వచ్చి బూత్ పని ఖతం కాగానే, మిర్యాలగూడలో ఎవరో రైసు మిల్లు షావుకారు పిల్లలు ఆడి ఆడి విసిగి వదిలేసిన టీవీ గేములు తెచ్చి అదే గదిలో వీడియో గేముల దుకాణం పెట్టాడు. అద్దాల ఫోన్ డబ్బాను పారేయడానికి మనసొప్పక, అందులో కూడా ఒక టీవీ ఇరికించాడు. ఆ టీవీకి నెత్తి మీద ఒకటి వేస్తే తప్ప బొమ్మ వచ్చేది కాదు, వచ్చినా బొమ్మ నిండా తెల్లటి చుక్కలు కదులుతుండేవి. కాసెట్ ఆడకపోతే తీసి ఉఫ్ ఉఫ్ అని ఊది మళ్లీ పెట్టాలి. అత్తమ్మ ఆ దుకాణానికి పెట్టిన పేరు 'ఆగమాగం దుకాణం'. పిల్లలు అరిచే అరుపులకు బియ్యంలో రాళ్లు కూడా ఏరలేకపోతున్నానని ఆమె బాధ.

మార్జిన్ గీసి వచ్చిన రోజు మధ్యాహ్నం మామ అన్నం తిని ఒక కునుకు తీయడానికి లోపలికి వెళ్లాడు. దుకాణం చూస్తూ ఉండమని నన్ను కూర్చోబెట్టాడు. నేను ఆ అద్దాల డబ్బాలోకి వెళ్లి, తలుపు మూసుకుని, కార్ల గేము పెట్టాను. రోడ్డు పైనుంచి కిందికి ఉరికి వస్తుంటుంది, అడ్డం వచ్చిన లారీలను తప్పించుకుంటూ టైమ్ అయిపోయేలోగా గీత దాటాలి. అంతే ఆట. కాసేపటికి చూసుకుంటే నా చేతులు వెచ్చగా ఉన్నాయి. ఎన్నో వారాల తర్వాత నా చేతులు నావే అనిపించాయి. గుద్దుకుంటే కారు పేలిపోయి మళ్లీ వచ్చేది. ఎవరూ తిట్టలేదు. ఎవరూ నా పేరు గోడకు అంటించలేదు. ఆ రోజు నాకు కలిగిన హాయి ఇప్పటికీ గుర్తుంది, దాన్ని తక్కువ చేసి చెప్పడం నాకు ఇష్టం లేదు.

అలా మొదలై, కొన్నాళ్లకే నేను ఆ బజారులో 'డ్రైవరక్క'ను అయ్యాను. మగపిల్లలు వచ్చి "అక్కా, ఈ మలుపు కాడ ఎట్ల కొట్టాలె?" అని అడిగేవాళ్లు. (మా కాలేజీ గోడ మీద నన్ను వెతకాలంటే కాగితం కిందివైపు నుంచి చదవాలి. మామ దుకాణంలో మాత్రం పైనుంచి.) అక్కడ కూర్చోవడం వల్ల ఒక సంగతి గమనించాను. మిగతా రోజుల్లో పిల్లలు నవ్వుకుంటూ వచ్చేవాళ్లు. సోమవారం మాత్రం మాటా పలుకూ లేకుండా వచ్చి, బ్యాగు కూడా దించకుండా ఆడేవాళ్లు. అందరి కళ్లూ టీవీ మీదే, ఆట మీద మాత్రం కాదు. వాళ్లకీ అదే బుగులని అప్పుడు నాకు తట్టలేదు. సోమవారం మామకు గిరాకీ బాగుందని మాత్రం అనుకున్నాను.

చిక్కేమిటంటే, ఆడినంతసేపూ లేని బుగులు ఆట ఆపగానే వచ్చేది. గడప బయట చెప్పులు విడిచి నా కోసం కూర్చున్న చుట్టంలా అక్కడే ఉండేది. పైగా ఆడిన గంటలో చదవాల్సింది చదవలేదన్న కొత్త బుగులును వెంట తెచ్చుకునేది. అది పోవాలంటే మళ్లీ ఆడాలి. చివరికి అన్నం తింటున్నప్పుడు కూడా నా ఎడమచేతి బొటనవేలు ఒళ్లో దానంతటదే ఎగరడం మొదలైంది. కూర కలుపుతుంటే బ్రేకు, మజ్జిగ పోసుకుంటుంటే మలుపు. అత్తమ్మ అది చూసి హడలిపోయి, వడ్లు అమ్ముకోవడానికి సూర్యాపేట మార్కెట్‌కు వచ్చిన మా ఊరాయనతో కబురు పంపింది. "పిల్ల బొటనేలు ఆగుత లేదు, జర వాళ్ల నాయినను రమ్మను." ఆ కబురు వెళ్లేదారిలో పెరుగుతూ పోయి, ఊరికి చేరేసరికి 'పిల్ల చెయ్యి పడిపోయింది' అయింది.

సరిగ్గా అదే రోజు నేను ఇంకో ఘనకార్యం చేశాను. పబ్లిక్ పరీక్షలకు ముందు కాలేజీవాళ్లు పెట్టే లెక్కల ప్రీ-ఫైనల్‌లో, ప్రశ్నపత్రం చూసి చేతులు చల్లబడగానే లేచి బయటికి నడిచాను. నేరుగా అద్దాల డబ్బాలోకి వచ్చి కూర్చున్నాను. నాయినను తీసుకొస్తేనే హాల్ టికెట్ ఇస్తానని ప్రిన్సిపాల్ సారు కబురు చేశాడు. నాకు హాల్ టికెట్ గురించి దిగులు లేదు, అది నాయిన వస్తే వస్తుంది. అది చేతికొచ్చాక పబ్లిక్ పరీక్షలో కూడా ఇలాగే లేచి వచ్చేస్తే ఏం చేయాలన్నదే నా భయం. అక్కడ లేచి వస్తే మళ్లీ పిలిచేవాళ్లు ఉండరు.

మర్నాడు పొద్దున్నే నాయిన దిగాడు. భుజం మీద గొంగడి, చేతిలో కర్ర, కళ్లలో నీళ్లు. నా చెయ్యి పైకి లేవడం చూసి ముందు గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు. తర్వాత నన్ను అరుగు మీద కూర్చోబెట్టి పరీక్షించాడు. ఆయనకు తెలిసిన పద్ధతి ఒకటే. చెయ్యి తిప్పి గిట్టలు చూసినట్టు వేళ్ల సందుల్లో చూశాడు. కింది రెప్ప లాగి చూశాడు. ముక్కు చెమ్మగా ఉందో లేదో వేలితో చూశాడు. (పండ్లు కూడా చూపించమంటాడేమోనని నేను పెదవులు బిగించుకున్నాను. దుకాణంలోంచి పిల్లలందరూ చూస్తున్నారు మరి.) అంతా అయ్యాక మామతో అన్నాడు.

"దవాఖాన అక్కర్లేదు బామ్మర్ది. ఇది రోగం గాదు, బెదిరింది."

"మరి బొటనేలు బావా?"

"దానికి ఏపనూనె, పసుపు పెడదం. గిట్టలు చెడితే గదే పెడ్త, రెండు దినాలల్ల తగ్గుతది."

పెట్టాడు కూడా. బొటనవేలు తగ్గలేదు గానీ, ఆ వాసనకు కాలేజీలో నా పక్కన బెంచీ ఖాళీ అయింది.

ప్రిన్సిపాల్ సారు గదిలో నాయిన తువ్వాల రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. సారు గేముల వల్ల చెడిపోయిన పిల్లల గురించి చాలాసేపు చెప్పాడు. నాయిన ప్రతిదానికీ "అవ్ సారూ" అన్నాడు, కొన్నిచోట్ల సారు మాట పూర్తి కాకముందే అన్నాడు. "ఇయ్యాల్టి సంది గేము బంద్ సారూ, నాదీ జిమ్మ" అని పూచీపడుతూ చెయ్యి కూడా ఊపాడు. హాల్ టికెట్ తీసుకుని ఇల్లు చేరి, అన్నం తిని చెయ్యి కడుక్కుని, "ఏదీ, గా కారు ఎట్లుంటదో జూపియ్యి" అన్నాడు.

ముందు నేను ఆడి చూపించాను. నాయిన డబ్బా అద్దానికి ముక్కు ఆనించి చూశాడు. "గా లారోడెవడు? నడిపే తీరు సూస్తే తాగినట్టున్నడు" అన్నాడు. ఇంకాసేపటికి, "గంత జోరుగ ఏడికి పోతున్నవ్ బిడ్డా?" అన్నాడు. ఎక్కడికని చెప్పను? గీత దాకా, గీత దాటితే ఇంకో గీత దాకా. నేను లేచి రిమోట్ ఆయన చేతిలో పెట్టాను. అప్పుడే పుట్టిన గొర్రెపిల్లను పట్టుకున్నట్టు రెండు చేతులతో పట్టుకున్నాడు. కారు కదిలింది. రోడ్డు ఎడమ అంచున, నడిచే మనిషి కూడా దాటిపోయే వేగంతో. మామ తట్టుకోలేకపోయాడు.

"బావా, మీదున్న బటన్ ఒత్తు, ఉరుకుతది!"

"ఉరుకుడెందుకురా? నా ఎనక తోడేలు వడ్డదా?"

వెనక గుమిగూడిన పిల్లలు నవ్వుతున్నారు. కొంచెం దూరం పోయాక నాయిన కారు పూర్తిగా ఆపేశాడు. "ఎందుకాగినవ్ నాయినా?" అన్నాను.

"కండ్లు కనవడ్తలేవా? గొర్లు దాటుతున్నయ్."

టీవీలో రోడ్డు మీద తెల్లటి చుక్కలు అటు నుంచి ఇటు కదులుతున్నాయి. మామ కడుపు పట్టుకుని నవ్వాడు. "అవి గొర్లు గావు బావా, టీవీ కరాబయ్యి చుక్కలు వడ్తున్నయ్!" అని టీవీ నెత్తి మీద ఒక్కటి వేశాడు. చుక్కలు పోయాయి. రోడ్డు ఖాళీ. అయినా నాయిన కదలలేదు.

"ఇగ పో బావా, దాటినయ్ గదా!"

"ఆగురా. ప్రతి మందల ఒక కుంటిది ఉంటది, గది ఎనకొస్తది. అన్ని దాటినయ్ అనుకొని లారోడు కదిలిస్తడు, గదే కిందవడ్తది. అది గిట్ల వచ్చేదాక ఆగాలె."

ఆ కుంటిది వచ్చేలోగా టైమ్ అయిపోయి, టీవీలో ఆట ముగిసినట్టు పాట మోగింది. నాయిన నా వైపు చూశాడు.

"ఏమాయె?"

"ఓడిపోయినవ్ నాయినా."

"గొర్లు దాటినయా?"

ఏ గొర్లు అని అడగబోయి, ఎందుకో అడగలేకపోయాను. "దాటినయ్" అన్నాను.

"మరి ఇగేంది?" అని రిమోట్ నా చేతికిచ్చాడు.

పిల్లలు పడీ పడీ నవ్వారు. నేను కూడా నవ్వడం మొదలుపెట్టాను, మధ్యలో అది ఏడుపుగా మారింది. నాయిన కంగారుపడి అందరినీ బయటికి పంపించి డబ్బా తలుపు మూశాడు. (నన్ను, ఆయనను, ఆయన గొంగడిని, కర్రను కలిపి ఆ డబ్బా ఎలా మోసిందో ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే.) ఎవరికీ చెప్పనిది అప్పుడు చెప్పాను. "పేపర్ ఇయ్యంగనే చేతులు సల్లవడ్తయ్ నాయినా. ఏం యాదికి రాదు. లేసి ఉరకబుద్దయితది."  ఆయన గొంతు తగ్గించి, మామకు వినపడకుండా అన్నాడు.

"పెద్ద రోడ్డు కాడ నాక్కూడ గట్లనే అయితది."

నేను నమ్మలేదు. హైదరాబాదు–విజయవాడ రోడ్డు మీద లారీలకు ఎదురుగా కర్ర అడ్డం పెట్టి మంద మొత్తాన్ని దాటించే నాయినను చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. ఆయనకు బుగులేమిటి? ఒకప్పుడు ఒక లారీ కొన్ని గొర్రెలను తొక్కేసిందట. ఆనాటి నుంచి ప్రతిసారీ రోడ్డు అంచుకు రాగానే చేతులు చల్లబడతాయట. కర్ర గట్టిగా పట్టుకునేది గొర్రెల కోసం కాదట.

"మరేం జేస్తవ్ నాయినా?"

"ఏం జేస్త? జర సేపు నిలవడ్త. గొర్లు గడ్డి మేస్తుంటయ్. నేను చుట్ట ముట్టిస్త. పోంగ పోంగ దాటుతం." తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు, "నువ్వు చుట్ట తాగకు గని" అన్నాడు.

వెళ్లేముందు ఆయన గేము మానేయమని అనలేదు. "ఆడితే ఆడు గని, గొర్లున్నయనుకొని ఆడు" అన్నాడు. అలా ఆడి చూశాను. మెల్లగా నడుపుతుంటే కారు గేము అంత విసుగు పుట్టించే పని ఇంకోటి లేదు. పైగా జోరుగా పోతున్నప్పుడు బయట కూర్చునే బుగులు, మెల్లగా పోతుంటే లోపలికొచ్చి వెనక సీట్లో కూర్చునేది. ముందు చాలా కష్టమైంది. తర్వాత తర్వాత దాని ముఖం అలవాటైంది. అది అరిచేది కాదు, కరిచేది కాదు, ఊరికే కూర్చునేది. కొన్నాళ్లకు ఆట మీద మోజు తగ్గి పుస్తకం ముందుకు జరిగాను. డ్రైవరక్క ఓడిపోవడం మొదలుపెట్టేసరికి బజారులో నా పరువు పోయింది, దానికి మాత్రం బాధేసింది.

లెక్కల పబ్లిక్ పరీక్ష రోజు గేటు బయట అందరూ పుస్తకాలు తిరగేస్తుంటే, నాయిన పంపిన వేయించిన పల్లికాయలు ఒలుచుకుని నములుతూ నేను గోడకానుకుని నిలబడ్డాను. (చుట్టకు బదులు అవి.) మిగిలినవి రుమాలులో ముడివేసి లోపలికి తీసుకెళ్లాను. ఇన్విజిలేటర్ సారు ఆ ముడి చూసి, స్లిప్పులు దొరికాయన్న ఆనందంతో విప్పాడు. "ఏందమ్మా ఇయి?" అన్నాడు. "పల్లీలు సార్" అన్నాను. ఒక్కొక్కటీ ఒలిచి మరీ చూశాడు. లోపల సూత్రాలేమీ దొరక్కపోవడంతో ఒలిచినవి తనే తినేసి, రుమాలు నాకిచ్చి వెళ్లిపోయాడు.

ప్రశ్నపత్రం వచ్చింది. చేతులు చల్లబడ్డాయి.  కాళ్లు తలుపు వైపు తిరిగాయి కూడా. చుట్టూ పెన్నులు గరగరా ఉరుకుతున్నాయి. నేను పెన్ను కింద పెట్టి, జర సేపు ఆగుదాం అనుకున్నాను. అందరూ దాటిపోతున్నారు, పోనీ. వెనక ఒక కుంటిది రావాలి. అది నేనే. నా కోసం రోడ్డు మధ్యలో కారు ఆపి, టైమ్ అయిపోతున్నా కదలకుండా కూర్చున్న మనిషి ఒకడున్నాడన్న తలపు రాగానే కళ్లు చెమర్చాయి. చేతులు వెచ్చబడ్డాయని చెప్పను, అబద్ధమవుతుంది. చల్లటి చేతులతోనే పెన్ను తీసి తెలిసిన లెక్క ఒకటి మొదలుపెట్టాను. గంట కొట్టినప్పుడు చివరి ప్రశ్నలు మిగిలిపోయాయి, కానీ నేను నా బెంచీ మీదే ఉన్నాను. పాసయ్యాను. ఇంజనీరును కాలేదు. లెక్కల్లోనే పైచదువులు చదివి కోదాడలో ఒక జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్తున్నాను. కుర్సీలో కూర్చునే ఉద్యోగమే కాబట్టి నాయినకు ఏ ఇబ్బందీ లేదు.

ఇప్పుడు గేములు పిల్లల జేబుల్లోకి వచ్చేశాయి. మొన్నొక పిల్లవాడు స్లిప్ టెస్టు మధ్యలో లేచి వెళ్లి, వరండా చివర కూర్చుని సెల్‌లో కారు నడుపుతుంటే పట్టుకున్నాను. ఫోను తీసుకుని సొరుగులో పెట్టాను. మధ్యాహ్నం స్టాఫ్ రూములో ఎవరూ లేరు. ఫోను తీసి చూస్తే ఆట ఇంకా అక్కడే ఆగి ఉంది. (లెక్కల మేడమ్ చేయదగిన పని కాదని నాకూ తెలుసు.) బొటనవేలు దానంతటదే కదిలింది. ఎడమ అంచున మెల్లగా వెళ్తున్నాను. ఇప్పటి ఫోన్ల బొమ్మ అద్దంలా ఉంటుంది, ఒక్క చుక్క కూడా లేదు. అయినా ఒకచోట కారు ఆపాను.

"మేడమ్, అట్లా ఆపితే టైమైపోద్ది."

తల ఎత్తితే ఆ పిల్లవాడే, ఫోను అడగడానికి వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. ముఖం పాలిపోయి ఉంది. చేతులు ప్యాంటుకు తుడుచుకుంటున్నాడు. ఆ తుడుచుకోవడం నాకు బాగా తెలుసు.

"చేతులు చల్లగా అయినాయా?" అన్నాను. వాడు ఆశ్చర్యంగా చూసి తల ఊపాడు. పక్కన కుర్చీ జరిపాను. వాడు కూర్చుని, కాసేపు ఫోను వైపు చూసి, ఇక ఉండబట్టలేక అడిగాడు.

"రోడ్డు ఖాళీగానే ఉందిగా మేడమ్, ఎందుకాపారు?"

"గొర్లు దాటుతున్నయ్."

వాడు ఫోను మీదికి వంగి వెతికాడు. తర్వాత నా ముఖంలోకి చూశాడు. మేడమ్‌కు ఏదో అయిందనుకున్నాడేమో, ఎదురుచెప్పకుండా పక్కనే కూర్చున్నాడు. టైమ్ తరిగిపోతూ ఉంది. ఇద్దరం ఖాళీ రోడ్డును చూస్తూ కూర్చున్నాం. కాసేపటికి వాడే మెల్లగా అడిగాడు.

"దాటినయ్యా మేడమ్?"

"ఎనక ఇంకొకటున్నది, ఆగు" అన్నాను.